‘గుండె పేషెంటే కదా’ అనే మాట

పోయిన ఆదివారం మహబూబాబాద్ దగ్గరి ఒక ఊరి నుంచి ఒక కుర్రాడు ఫోన్ చేశాడు. మా మామ సంగతి ఎవరి ద్వారానో విని నా నంబరు పట్టుకున్నాడు. వాళ్ల నాన్నకు మూడేళ్ల కింద గుండె రక్తనాళాలు మూసుకుపోకుండా పెట్టే స్టెంట్లు రెండు పడ్డాయి. మా వైపు అందరూ ‘స్టంట్’ అంటారు, అతనూ అలాగే అన్నాడు. దగ్గు తగ్గడం లేదని సీటీ తీయిస్తే రొమ్ము ఎముక వెనక, గుండెకు ఆనుకొని గడ్డ ఉన్నట్టు తేలింది. ‘‘గుండె పేషెంటు కదా సార్, ఆపరేషన్ కాదన్నరు. ఉన్నన్ని రోజులు మంచిగ చూసుకోమన్నరు’’ అన్నాడు.

ఎవరన్నారని అడిగాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత చెప్పాడు: ‘‘స్కానింగ్ కాడ రిపోర్ట్ ఇచ్చేటాయన.’’

ఆ గడ్డ ఏ రకమో ఇంకా ఎవరికీ తెలియదు. గుండె డాక్టరు ఆ సీటీ చూడలేదు. ఛాతీ ఆపరేషన్లు చేసే సర్జన్ దగ్గరికి మనిషే పోలేదు. కానీ ఇంట్లో అప్పటికే ఏడుపులు మొదలయ్యాయి, కూతురిని అత్తగారింటి నుంచి పిలిపించారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నాలుగు నెలలు మేము కూడా అదే మాట కింద నలిగాం. అందుకే ఇది రాస్తున్నాను.

పొద్దూకితే మూసుకునే కళ్లు

మా మేనమామది పరకాల దగ్గర పల్లె. పత్తి, మక్కజొన్న వేసే రైతు. 2022 ఆగస్టులో గుండెపోటు వచ్చింది, ఒక స్టెంట్ వేశారు. పంపింగ్, అంటే గుండె కొట్టుకున్నప్పుడల్లా తనలోని రక్తంలో బయటికి నెట్టే వంతు, 40 శాతం ఉందన్నారు, మామూలుకన్నా తక్కువ. ఆర్నెల్లు బాగానే ఉన్నాడు. 2023 ఫిబ్రవరి నుంచి కొత్తగా ఒక నలత మొదలైంది. నడిస్తే దమ్ము. వెల్లకిలా పడుకుంటే దమ్ము. అన్నం తింటుంటే సగంలో ఆగిపోయేవాడు. గుండెపోటు వచ్చి ఏడాది కూడా కాని మనిషికి దమ్ము వస్తే ఎవరైనా ఏమనుకుంటారు? మేమూ అదే అనుకున్నాం, డాక్టరూ అదే అనుకున్నాడు. మూత్రం గోలీ డోసు పెంచాడు. నెల తర్వాత మళ్లీ పెంచాడు.

మా అత్త మాత్రం మొదటి నుంచీ ఇంకో మాట చెబుతూనే ఉంది. ‘‘మబ్బుల లేసినప్పుడు మంచిగనే ఉంటడు రా. పొద్దూకితే కండ్లు మూతబడ్తయి. బువ్వ తినేటప్పుడు దవడ చేత్తోటి పట్టుకుంటడు.’’ నేను కూడా చూశాను. ఎడమ చేతి బొటనవేలు గదువ కింద పెట్టి, పైకి నెట్టుకుంటూ నమిలేవాడు. ముసలితనం, నీరసం, గుండె జబ్బు అనుకొని ఊరుకున్నాను. బడిలో జీవశాస్త్రం చెప్పేవాడిని నేను. రొమ్ము ఎముక వెనక ఉండే థైమస్ గ్రంథి గురించి ఏటా రెండు వాక్యాలు చెప్పి దాటిపోయేవాడిని. చిన్నతనంలో పెద్దగా ఉంటుంది, పెద్దయ్యాక కుంచించుకుపోతుంది అని. ఆ గ్రంథిలోనే గడ్డ వస్తే అది కనురెప్పలను, దవడను, ఊపిరిని పట్టుకుంటుందని నాకూ తెలియదు.

డాక్టరు గదిలో అత్త రెండుసార్లు ఈ దవడ సంగతి ఎత్తింది. రెండుసార్లూ ‘‘గుండె పేషెంటు కదమ్మా, నీరసం ఉంటుంది’’ అనే జవాబు వచ్చింది. ఆయన చెడ్డవాడని అనను. బయట వరండాలో ఎంతమంది కూర్చున్నారో మేమూ చూశాం. అయినా ఆ జవాబు నాకిప్పటికీ గుచ్చుకుంటుంది. గుండెతో ఏ సంబంధం లేని లక్షణాన్ని అది గుండె ఖాతాలో వేసేసింది.

గుట్టు విప్పింది కంటి డాక్టరు. ఒకటి రెండుగా కనిపిస్తోందని, అద్దాలు మార్చాలేమోనని హన్మకొండలో ఒక చిన్న కంటి దవాఖానాకు తీసుకుపోయాను. ఆమె వయసులో చిన్నది. మామను పైకి చూస్తూ ఉండమని చెప్పి తను ఏమీ మాట్లాడకుండా ఎదురుగా కూర్చుంది. నిమిషం గడిచేసరికి ఎడమ రెప్ప మెల్లగా జారింది. ఆమె కింద ఉన్న జ్యూస్ బండి నుంచి ఐసు ముక్కలు తెప్పించింది. రబ్బరు గ్లౌజులో వేసి మూతి ముడేసి, మూసిన కన్ను మీద పెట్టి, గోడ గడియారం చూస్తూ పట్టుకుంది. రెండు నిమిషాలు. గ్లౌజు వేళ్లు మామ చెంప మీద వేలాడుతున్నాయి, నీళ్లు కాలర్ లోకి కారుతున్నాయి. తీసి కన్ను తెరవమంది. రెప్ప లేచింది. ప్లాస్టిక్ స్కేలు పెట్టి కొలిచి, మూడు మిల్లీమీటర్లు అని కాగితం మీద రాసింది. ‘‘ఇది కంటి జబ్బు కాదు సార్. వెంటనే నరాల డాక్టరును కలవండి, ఛాతీకి సీటీ తీయించండి’’ అంది.

నరం నుంచి కండరానికి కబురు చేరవేసే రసాయనాన్ని విరగ్గొట్టే ఎంజైము చలికి మందగిస్తుంది. అందుకే మయస్థీనియా గ్రావిస్, అంటే నరాల కబురు సరిగా అందక కండరాలు త్వరగా అలిసిపోయే జబ్బు, ఉన్నవాళ్లలో ఐసు పెడితే వాలిన రెప్ప కాసేపు లేస్తుంది. మయస్థీనియా ఉన్నవాళ్లలో నూటికి పది పదిహేను మందికి థైమోమా, అంటే క్యాన్సర్ కోవలోకి వచ్చే థైమస్ గడ్డ, ఉంటుంది. అటు నుంచి చూస్తే, థైమోమా ఉన్నవాళ్లలో మూడో వంతుకో అంతకు మించో మయస్థీనియా కనిపిస్తుంది. పది రూపాయల ఐసుతో బయటపడిన సంగతి నాలుగు నెలల ఈసీజీలకు అందలేదు.

ఎకో మారలేదు, మనిషి మారాడు

ఇప్పుడు ఆ కాగితాలన్నీ వరసగా పేర్చి చూస్తే నాకొకటి స్పష్టంగా కనిపిస్తుంది. ఫిబ్రవరిలో తీసిన ఎకోలో, అంటే గుండె స్కానింగ్‌లో, పంపింగ్ 40. ఏప్రిల్ ఎకోలోనూ 40. కాళ్లకు వాపు లేదు. బరువు పెరగలేదు, పైగా తగ్గింది. దమ్ము మాత్రం నెల నెలకూ ఎక్కువవుతోంది. గుండె అలాగే ఉండి మనిషి దిగజారుతుంటే కారణం గుండెకు బయట ఉండొచ్చు కదా? నేను అడగాల్సిన ప్రశ్న ఇదొక్కటే. నేనూ అడగలేదు.

పైగా మేం వాడిన మందులే కొంత అడ్డం తిరిగాయి. మూత్రం గోలీతో ఒంట్లో పొటాషియం పడిపోతే కండరాల బలహీనత ఇంకా పెరుగుతుంది. గుండెపోటు తర్వాత ప్రాణం కాపాడడానికి ఇచ్చే బీటా బ్లాకర్ గోలీలు మయస్థీనియాను కొందరిలో ముదరబెడతాయి. మధ్యలో జ్వరం వస్తే ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చిన సిప్రోఫ్లాక్సాసిన్ కూడా ఆ జబ్బున్నవాళ్లకు వద్దనే మందుల్లోదే. ఆ రెండు రోజులు మామ నీళ్లు మింగలేకపోయాడు, మింగితే ముక్కులో నుంచి వచ్చాయి.

ఎక్స్‌రే సంగతి ఇంకా బాధ పెట్టింది. మార్చిలో తీసిన ఎక్స్‌రే రిపోర్టులో ‘గుండె సైజు పెరిగింది’ అని రాసి ఉంది. తర్వాత హైదరాబాద్‌లో సర్జన్ అదే ఫిల్మును కిటికీ వెలుతురుకు పట్టి, పెన్ను మూతతో ఎడమ అంచు వెంట గీత గీసినట్టు చూపించాడు. ‘‘ఇక్కడిదాకా గుండె. ఇక్కడి నుంచి ఇది గుండె కాదు.’’ గడ్డ నీడ, గుండె నీడ కలిసిపోయాయి. పక్క నుంచి ఒక ఫిల్ము తీసి ఉంటే రొమ్ము ఎముక వెనక ఖాళీగా ఉండాల్సిన చోటు నిండి కనిపించేదట. గుండె జబ్బు ఉందని ముందే తెలిసినవాళ్ల కళ్లకు పెద్ద నీడ పెద్ద గుండెగానే కనిపిస్తుంది. జబ్బు పేరు ముందే తెలియడం కన్నును ఇంతగా కట్టేస్తుందని నేను అనుకోలేదు.

అయితే ఇక్కడ డాక్టర్ల పక్షాన నిలబడి కూడా ఆలోచించాలి. పాశ్చాత్య దేశాల లెక్కల్లో థైమోమా పది లక్షల మందిలో ఏడాదికి ఒకరిద్దరికి వస్తుంది. అదే లెక్కన 2011 జనాభా లెక్కల్లో మూడున్నర కోట్లున్న తెలంగాణ మొత్తానికి ఏడాదికి యాభై మంది చుట్టుపక్కల. వరంగల్ జిల్లాల్లో పనిచేసే గుండె డాక్టరు ఏళ్ల తరబడి ఒక్క కేసు కూడా చూడకపోవచ్చు. దమ్ముతో వచ్చిన గుండె పేషెంట్లలో చాలామందికి కారణం నిజంగా గుండే. ప్రతి ఒక్కరికీ సీటీ తీస్తే కిడ్నీలు దెబ్బతిన్న వాళ్లకు సీటీ కోసం రక్తంలోకి ఎక్కించే కాంట్రాస్ట్ మందుతో ముప్పు, డబ్బు దండుగ, ఏ హానీ చేయని చిన్న మచ్చలు బయటపడి లేనిపోని టెన్షన్. అందరికీ సీటీ తీయమని నేను అడగడం లేదు. గుండె మందులు పెంచినా తగ్గనప్పుడు, ఎకో మారనప్పుడు, ఇంటి మనిషి పదే పదే ఒకే లక్షణం చెబుతున్నప్పుడు, ఒక్కసారి ఫైలు మూసి మనిషిని చూడమంటున్నాను. సాయంత్రం పూట రెప్పలు చూడడానికి ఏ మిషనూ అక్కర్లేదు.

మూడు నిమిషాల ఫోను

సీటీలో ఐదున్నర సెంటీమీటర్ల గడ్డ కనిపించింది. మయస్థీనియా రక్తపరీక్ష పాజిటివ్ వచ్చింది. జబ్బు పేరు దొరికింది కాబట్టి ఇక దారి దొరుకుతుందనుకున్నాం. కానీ అదే మాట మళ్లీ ఎదురైంది. మొదట గుండె పేషెంటని గడ్డను ఎవరూ చూడలేదు. చూశాక గుండె పేషెంటని ఎవరూ ముట్టుకోలేదు.

ఒక పెద్ద ఆస్పత్రిలో సర్జన్ దగ్గరికి పోతే ‘‘గుండె డాక్టరు నుంచి ఫిట్‌నెస్ రాయించుకు రండి’’ అన్నారు. గుండె డాక్టరు ‘హై రిస్క్’ అని రెండు మాటలు రాసి సంతకం పెట్టారు. ఆ కాగితం పట్టుకొని మళ్లీ పోతే సర్జన్ ‘‘హై రిస్క్ అంటున్నారు కదా’’ అన్నారు. బీటా బ్లాకర్ ఆపేయాలని నరాల డాక్టరు. ఆపితే గుండెకు ప్రమాదమని గుండె డాక్టరు. కాజీపేట నుంచి సికింద్రాబాద్‌కు రెండు గంటల రైలు, అక్కడి నుంచి ఆటో, ఓపీ చీటీ, లైను. తినడానికి దవడ పట్టుకునే మనిషిని ఆ నెలన్నరలో ఏడుసార్లు తిప్పాం. ఇద్దరు డాక్టర్ల మధ్య మాట మోసే పని, సగం అర్థమైన నేను చేశాను. ఆ పని నాది కాదు.

ఏడోసారి నరాల డాక్టరు నా ముందే సెల్‌ఫోన్ తీసి గుండె డాక్టరుకు చేశారు. మూడు నిమిషాలు మాట్లాడుకున్నారు, నేను గడియారం చూశాను. బీటా బ్లాకర్ పూర్తిగా ఆపొద్దు, డోసు సగం చేసి చూద్దాం. మయస్థీనియా గోలీ గుండె వేగాన్ని తగ్గిస్తుంది కాబట్టి తక్కువ నుంచి మొదలుపెట్టి నాడి చూస్తూ పెంచుదాం. స్టెంట్‌కు ఏడాది నిండాక రక్తం పలచబడే గోలీల్లో క్లోపిడోగ్రెల్ ఆపరేషన్‌కు ఐదు రోజుల ముందు ఆపుదాం, ఆస్పిరిన్ ఆపొద్దు. నెలన్నరగా తెగనిది అక్కడే తేలింది. వాళ్లిద్దరూ అంతకుముందు పట్టుదలకు పోయి కూర్చున్నవాళ్లు కారు. ఒకరితో ఒకరు మాట్లాడుకునే ఏర్పాటే లేదు, అంతే.

నా వాదన అంతా ఇక్కడే ఉంది. గుండె డాక్టరును మనం అడగాల్సింది ‘ఫిట్టా, అన్‌ఫిట్టా’ అని కాదు. ‘ఈ మనిషికి ఈ ఆపరేషన్ ఎలా చేస్తే బతుకుతాడు, ఎప్పుడు చేయాలి, ఏం సిద్ధం చేసుకోవాలి’ అని. ఒక్క సంతకంతో ఆ ప్రశ్నకు జవాబు రాదు. సర్జన్, గుండె డాక్టరు, నరాల డాక్టరు, మత్తు డాక్టరు, క్యాన్సర్ డాక్టరు ఒకే సీటీ ముందు కూర్చుంటేనే వస్తుంది. దానికి ట్యూమర్ బోర్డు అనే పేరు ఎప్పటి నుంచో ఉంది. క్యాన్సర్, గుండె కలిసిన రోగుల కోసమే యూరప్ గుండె వైద్యుల సంఘం 2022లో మొదటిసారి పూర్తిస్థాయి మార్గదర్శకాలు తెచ్చింది. కాకతీయ మెడికల్ కాలేజీ 1959 నుంచి ఉన్న ఊరు మాది. వారానికి ఒక గంట ఇలా కూర్చునే బల్ల ప్రతి పెద్దాస్పత్రిలో ఉండాలని అడగడం గొంతెమ్మ కోరిక కాదు. ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షలకు పెంచారు, మంచిదే. కానీ మా మామ విషయంలో ఆలస్యానికి కారణం డబ్బు కాదు.

గుండె, థైమస్ వేర్వేరు లోకాలని ముందునుంచీ ఎవరూ అనుకోలేదు. మయస్థీనియా ఉన్న ఒక యువతికి 1936లో థైమస్ గడ్డ తీసి, ఈ చికిత్సకు దారి వేసింది అమెరికా సర్జన్ ఆల్‌ఫ్రెడ్ బ్లాలక్. నీలిరంగుకు తిరిగే పసిపిల్లలకు 1944లో పేరు మోసిన ఆ గుండె ఆపరేషన్ చేసిందీ ఆయనే. ఒకే ఎద, ఒకే చేతులు.

తొందరపడింది నేను

ఇంత రాశాక నా తప్పు కూడా చెప్పాలి. జూన్‌లో గడ్డ తెలిశాక నేను రేపే తీసేయమని పట్టుబట్టాను. సెప్టెంబరు దాకా ఆగుదామంటే సర్జన్ మీద అరిచాను కూడా. గుండెపోటులో వేసిన కొత్త స్టెంట్‌కు ఏడాది నిండకుండా మందు ఆపితే అందులో రక్తం గడ్డకట్టి ఆపరేషన్ బల్ల మీదే ఇంకో గుండెపోటు రావచ్చు. థైమోమా ఎక్కువ మందిలో మెల్లగా పెరిగేది. ముందుగా మయస్థీనియాను అదుపులోకి తేకపోతే మత్తు ఇచ్చాక మనిషి వెంటిలేటర్ నుంచి బయటికి రాకపోవచ్చు. ఆ మూడు నెలలు వృథాగా పోలేదు. గోలీలు, స్టెరాయిడ్, షుగర్ చూసుకోవడం, ఆపరేషన్‌కు ముందు ప్లాస్మా మార్పిడి (జబ్బు తెచ్చే యాంటీబాడీలున్న రక్తపు ద్రవాన్ని తీసి మార్చడం), అన్నీ ఆ మూడు నెలల్లోనే. అదే పని మామూలుగా చేసే ఇమ్యునోగ్లోబులిన్, అంటే దాతల రక్తం నుంచి తీసి నరంలోకి ఎక్కించే యాంటీబాడీలు, వద్దనుకున్నారు. పంపింగ్ తక్కువున్న గుండెకు అంత ద్రవం ఎక్కించడం, రక్తం చిక్కబడడం మంచిది కాదని. ‘ఆగండి’ అన్నప్పుడు ఎందుకు, ఎన్నాళ్లు అని చెబితే అది వైద్యం. ఏమీ చెప్పకుండా ‘ఆగండి’ అంటే రోగిని వదిలేయడమే. అప్పట్లో నాకు ఈ రెండూ ఒకేలా వినిపించాయి.

సూదితో ముక్క తీయలేదేమని కూడా గొడవపడ్డాను. రక్తపరీక్ష, సీటీ రెండూ ఒకే మాట చెబుతూ, గడ్డ మొత్తంగా తీయగలిగేలా ఉంటే నేరుగా తీసేయడమే మేలని, పొర పగలగొట్టకపోవడం మంచిదని చెప్పారు. అందరికీ ఇదే కుదరదు. అదే చోట లింఫోమా అనే ఇంకో రకం క్యాన్సర్ కూడా వస్తుంది, దానికి కత్తి కాదు, మందులు కావాలి. అప్పుడు ముక్క పరీక్ష తప్పదు. మా ప్రాంతంలో టీబీ గడ్డలూ ఉంటాయి. అందుకే ముక్క తీయాలా వద్దా అనేది ఆపరేషన్ చేయబోయేవాళ్లే చెప్పాలి.

సెప్టెంబరులో రొమ్ము ఎముక చీల్చి గడ్డను, థైమస్ మొత్తాన్ని తీశారు. నాలుగు రోజులు వెంటిలేటర్ మీదే ఉన్నాడు, ఆ నాలుగు రోజుల గురించి రాయలేను. గడ్డ పొర దాటి పక్క కొవ్వులోకి కొంచెం పాకిందని, అంచులు మాత్రం శుభ్రంగా ఉన్నాయని రిపోర్టు వచ్చింది. రేడియేషన్ ఇవ్వాలా అనే చర్చ మళ్లీ వచ్చింది. రొమ్ము క్యాన్సర్‌కు రేడియేషన్ తీసుకున్న స్త్రీల మీద 2013లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం ప్రకారం గుండెకు సగటున తగిలే ఒక్కో గ్రే (రేడియేషన్ డోసు కొలత) రేడియేషన్‌కు పెద్ద గుండె సమస్యల ముప్పు 7.4 శాతం చొప్పున పెరుగుతుంది. అప్పటికే దెబ్బతిన్న గుండె, పూర్తిగా తీసిన గడ్డ. ఈసారి అందరూ కలిసి కూర్చొని వద్దనుకున్నారు, సీటీలతో గమనిద్దామన్నారు. బతుకమ్మ నాటికి ఇంటికొచ్చాడు.

అదే వార్డులో ఇంకో పెద్దాయన ఉండేవాడు, పెద్దపల్లి వైపు మనిషి. పంపింగ్ 20, గడ్డ పెద్ద రక్తనాళాలను చుట్టేసింది. ఆయనకు ఆపరేషన్ చేయలేదు. ఈ గడ్డలకు మామూలుగా వాడే కీమోలో డాక్సోరుబిసిన్ గుండె కండరాన్ని దెబ్బతీస్తుంది, సిస్‌ప్లాటిన్ ఎక్కించాలంటే లీటర్ల కొద్దీ సెలైన్ పెట్టాలి. ఆయన గుండె రెండూ తట్టుకోదని కార్బోప్లాటిన్, పాక్లిటాక్సెల్‌తో మొదలుపెట్టారు. అవి కూడా రెండు విడతలకు మించి సాగలేదు. ఆ ఆఖరి రోజుల్లో ఆయన కొడుకు నాతో అన్న మాట: ‘‘అన్నీ చెప్పిండ్రు అన్నా. ఏది ఎందుకు చేస్తలేరో కూడా చెప్పిండ్రు.’’ వద్దు అనేదే సరైన జవాబు అయ్యే రోగులు ఉంటారని నేను ఒప్పుకుంటాను. కానీ ఆ వద్దు కూడా సీటీ చూసినవాళ్ల నోట, కారణంతో రావాలి. ఆ ఇంటికి అలాగే వచ్చింది.

మహబూబాబాద్ కుర్రాడికి ఇవన్నీ చెప్పలేదు. భయపడతాడు. స్టెంట్ వేసిన తేదీ, ఏ స్టెంట్ అనే కార్డు, పాత ఎకోలు అన్నీ, ఇప్పుడు వేసుకుంటున్న గోలీల స్ట్రిప్పులు, సీటీ రిపోర్టు ఒక్కటే కాకుండా సీడీ కూడా ఒక కవర్లో పెట్టమన్నాను. గుండె డాక్టరుకు సీటీ చూపించి ఫిట్‌నెస్ చీటీ కాకుండా సర్జన్‌కు ఉత్తరం రాయమని అడగమన్నాను. రెప్పలు వాలుతున్నాయా, మింగడం కష్టమా అంటే తెలియదన్నాడు. పొద్దున్న ఒక ఫోటో, దీపాలు పెట్టే వేళకు ఒక ఫోటో తీసి పంపమన్నాను.

నిన్న రెండూ వచ్చాయి. రెప్పలు రెండింటిలోనూ ఒకేలా ఉన్నాయి. అంటే మా మామ జబ్బు కాకపోవచ్చు, ఇంకేదో కావచ్చు. హైదరాబాద్‌లో బుధవారం పదింటికి సర్జన్ దగ్గర అపాయింట్‌మెంట్ దొరికింది. మంగళవారం రాత్రికి వాళ్లు మా ఇంటికి వస్తారు, తెల్లవారుజామున కాజీపేటలో నేనే రైలెక్కిస్తాను.